చిన్న ఊళ్లలో పుస్తకావిష్కరణ సభలు: పుస్తకం గురించి మాట్లాడేది ఎప్పుడు?

డెల్టా_పాఠకురాలు

మా ఊరు కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణం. కథలో కవిత్వమో వ్రాసేవారు ఇక్కడ పదిమందికి పైగా ఉన్నారు, ఏటా మూడు నాలుగు పుస్తకాలు వెలువడుతున్నాయి, ప్రతి పుస్తకానికీ ఆవిష్కరణ సభ జరుగుతోంది. వీలైనంతవరకు అన్ని సభలకూ వెళ్తాను. ఈ మధ్య జరిగిన ఒక కథల సంపుటి ఆవిష్కరణ చూశాక ఈ విషయం మీ అందరి ముందు పెట్టాలనిపించింది.

ఆహ్వానపత్రంలో సాయంత్రం 5.30 అని ఉన్నా, జ్యోతి వెలిగించేసరికి ఏడు దాటింది. వేదిక మీద పదకొండు కుర్చీలు వేశారు. స్వాగత వచనాలు, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు, వారిలో ప్రతి ఒక్కరికీ పూలగుచ్ఛం, శాలువా, జ్ఞాపిక. ఆ తరువాత మెరుపు కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన పుస్తకాలను పళ్లెంలో తెచ్చారు. ముడి ఎంతకీ రాకపోతే కుర్రవాడొకడు కత్తెర కోసం పరుగెత్తాడు. అట్టను కెమెరా వైపు తిప్పి, ఛాతీకి ఆనించి పట్టుకోమని ఫోటోగ్రాఫరు మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఫోటో అయ్యాక కూర్చున్న పెద్దలు అప్పుడే పుస్తకం తెరిచి, విషయసూచిక మీద వేలు పెట్టుకుని చూసి, తమ వంతు రాగానే ఆ కథల పేర్లే చదివి వినిపించి, మిగిలిన సమయమంతా రచయితతో తమకున్న పరిచయం గురించి మాట్లాడారు. పుస్తకాన్ని నిజంగా చదివి వచ్చినవారు ఒక్కరే, సమీక్షకురాలిగా పిలిచిన అధ్యాపకురాలు. ఆమె వంతు తొమ్మిదింటికి వచ్చింది. మైకు ముందుకు వచ్చిన రెండో నిమిషంలోనే త్వరగా ముగించమని చీటీ అందింది. అప్పటికే ఆడవాళ్లలో చాలామంది చివరి బస్సు కోసం లేచి వెళ్లిపోయారు.

సభ అయ్యాక ఒక ప్రతి కొందామని అడిగితే అమ్మకానికి పెట్టలేదన్నారు. నాకు ఆ రచయిత మీద ఏ ఫిర్యాదూ లేదు. ఏళ్ల తరబడి కూర్చుని వ్రాసుకున్న కథలకు ఆ సాయంత్రం దక్కవలసిన మర్యాద దక్కలేదన్నదే నా బాధ. మీ ఊళ్లలో ఇంతకన్నా మెరుగ్గా జరుగుతున్న సభలు ఉంటే, అవి ఏ పద్ధతిలో జరుగుతున్నాయో వివరంగా వ్రాయండి.

బెజవాడ_ప్రూఫులు

విజయవాడలో చాలాకాలంగా ప్రూఫులు దిద్దుతున్నాను, కొత్త రచయితల పుస్తకాలే ఎక్కువగా నా చేతి మీదుగా వెళ్తాయి. మీరు చెప్పిన సభకు బీజం అచ్చు దగ్గరే పడుతుంది. రచయిత ముందుగా అతిథి వీలు చూసి తేదీ ఖాయం చేసుకుంటారు, ఆ తేదీకి అచ్చు పూర్తి కావాలని మమ్మల్ని తొందరపెడతారు. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. చివరి ఫారం దిద్దుతుండగానే ఆహ్వానపత్రాలు పంచడం పూర్తయి ఉంటుంది. బైండింగు నుంచి కట్టలు సభాస్థలికే నేరుగా వెళ్లిన సందర్భాలు నాకు కొల్లలుగా తెలుసు. జిగురు తడి ఆరని పుస్తకాన్ని ఆ పూట ఎవరు చదివి వస్తారు? వేదిక మీది పెద్దలు చదవలేదని నొచ్చుకునే ముందు, చదివే వీలు వారికి ఎవరైనా కల్పించారా అని కూడా అడగాలి.

పుస్తకం చేతికి వచ్చాక మూడు వారాలు ఆగి సభ పెట్టుకోండి అని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. వినేవారు తక్కువ, కానీ విన్నవారి సభలు బాగా జరిగాయి.

పల్లె_పంతులమ్మ

ఆలస్యం సంగతి అందరూ తేలికగా తీసుకుంటారు కానీ, సాయంత్రం ఆరింటికి మొదలై ఎనిమిదింటికి ముగిసే సభకు మా పాఠశాల నుంచి ఆరుగురం ఉపాధ్యాయినులం కలిసి వెళ్లగలం. తొమ్మిదిన్నర దాకా సాగితే ఒక్కరం కూడా వెళ్లలేం. సాహిత్య సభలకు స్త్రీలు రావడం లేదని వేదిక మీద విచారం వ్యక్తం చేసేవారు ముందు గోడ గడియారం చూసుకోవాలి.

వేదిక_కార్యదర్శి

ఒక చిన్న సాహితీ సంస్థకు చాలా ఏళ్లుగా కార్యదర్శిగా ఉన్నవాడిగా అవతలి పక్షం కూడా చెప్పాలి. హాలు అద్దె, మైకు, ఫ్లెక్సీ, ఆహ్వానపత్రాలు, టీ, బిస్కట్లు, దూరం నుంచి వచ్చిన వక్తకు దారిఖర్చు, ఇవన్నీ ఎవరు పెట్టుకుంటారు? మా సంస్థకు సభ్యత్వ రుసుము తప్ప వేరే ఆదాయం లేదు. ఊళ్లో ఒక వ్యాపారి హాలు ఉచితంగా ఇస్తారు, ఒక వైద్యులు భోజనాల ఖర్చు భరిస్తారు. వారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పడం మాకు తెలిసిన కృతజ్ఞత. వారిని కింద కూర్చోబెడితే వచ్చే ఏడాది హాలు ఉండదు.

ఇంకొక మాట. చిన్న ఊరి రచయితకు వ్రాత వల్ల వచ్చేది ఏముంది? పారితోషికం లేదు, పేరున్న పత్రికల్లో సమీక్ష రాదు. ఆ ఒక్క సాయంత్రం అమ్మానాన్నలు ముందు వరుసలో కూర్చుని, ఊరి పెద్దలు తమ బిడ్డకు సన్మానం చేస్తుంటే చూస్తారు. దాన్ని అనవసరమైన తంతుగా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు.

డెల్టా_పాఠకురాలు

కార్యదర్శి గారూ, సన్మానం వద్దని నేను అనలేదు. దాతను గౌరవించడానికి రెండు నిమిషాలు చాలు. అదే దాత ఇరవై నిమిషాలు మాట్లాడాలని ఎవరూ కోరరు, చాలాసార్లు వారూ కోరుకోరు. రచయిత తల్లిదండ్రులకు తమ బిడ్డ వ్రాసిన పేజీ ఒకటి ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే, శాలువా కప్పినప్పటి కంటే తక్కువ ఆనందం కలుగుతుందని నేను అనుకోను.

తెర_వెనుక

నాటకాల వాడిని. మా నాటక పోటీల పరిషత్తుల్లోనూ ఇదే ఇబ్బంది ఉంది కనుక కలగజేసుకుంటున్నాను. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడినప్పటి నుంచి మన కోస్తా ఊళ్లలో పరిషత్తు పోటీలు ఒక సంప్రదాయంగా నిలిచాయి. నాటికకు ఇంత సమయం అని నియమం ఉంటుంది, అది దాటితే మార్కులు పోతాయి. అలా నటులను నిమిషాలతో లెక్కగట్టే వేదిక మీదనే రెండు నాటికల మధ్య సన్మాన కార్యక్రమం గంటన్నర సాగుతుంది. ముఖానికి రంగు వేసుకుని, విగ్గు పెట్టుకుని, తెర వెనుక ఇనుప కుర్చీలో చెమటతో కూర్చున్న నటి ఆ గంటన్నర ఎలా గడుపుతుందో ముందున్నవారికి కనిపించదు. ఆమె రంగస్థలం మీదకు వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ప్రేక్షకులు పలచబడిపోతారు, మిగిలినవారిలో సగం మంది తమ వంతు కోసం ఎదురుచూస్తున్న ఇతర సమాజాలవారే.

మా ఊళ్లో ఒక మార్పు చేశాం, అది పనిచేసింది. సన్మానాలన్నీ ప్రదర్శనలు ముగిశాక, బహుమతి ప్రదానంతో కలిపి చివరి రోజున పెట్టాం. దాతలు ఆ రోజు తప్పక వస్తారు, ఉంటారు కూడా. కార్యదర్శి గారు భయపడినట్లు మాకు హాలు పోలేదు.

బెజవాడ_ప్రూఫులు

తెర వెనుక గారు చెప్పినది పుస్తకాల సభకూ సరిపోతుంది. సమీక్ష ముందు, సన్మానం చివర. ఇంతకు మించి పెద్ద సంస్కరణ అక్కరలేదేమో.

నోవై_తెలుగు

మిషిగన్‌లో ఉంటాను. ఇక్కడ డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి నడుస్తోంది. పద్ధతి చాలా సులువు. ఒక పుస్తకం ఎంచుకుంటారు, అందరూ చదువుకుని వస్తారు, ఎవరింట్లోనో గ్రంథాలయంలోనో కూర్చుని మాట్లాడుకుంటారు. శాలువా లేదు, వేదిక లేదు. చదవకుండా వచ్చినవారు వినవచ్చు, కానీ మొదటి మాట చదివినవారిదే. అలాగే డాలస్‌లో టాంటెక్స్ (ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం) వారి సాహిత్య సదస్సు నెలనెలా తెలుగు వెన్నెల కూడా ఏళ్లుగా ఆగకుండా సాగుతోంది. ఇరవై మంది ఉన్నా చాలు, ఆ ఇరవై మంది ప్రతినెలా రావడం ముఖ్యం.

వేదిక_కార్యదర్శి

నోవై తెలుగు గారూ, మీ పద్ధతి మంచిదే, కాదనను. అయితే మీరు చర్చించే పుస్తకాల రచయితలు చాలావరకు సముద్రానికి ఇవతల ఉంటారు. మా ఊళ్లో రచయిత మా పక్క వీధిలో ఉంటారు. రాత్రి సభలో ఆయన కథ ముగింపు బలహీనంగా ఉందని అన్నవాడు తెల్లవారి రైతుబజారులో ఆయనకు ఎదురుపడాలి. ఆయన కొడుకు మా అబ్బాయికి తరగతి మిత్రుడు. ఆయన తమ్ముడు మా సంస్థ కోశాధికారి. చిన్న ఊళ్లో విమర్శ చెప్పడం ఎంత కష్టమో దూరంగా ఉన్నవారికి తెలియదు. మా వక్తలు పుస్తకం వదిలి రచయిత మంచితనం గురించి మాట్లాడడానికి కారణం చాలాసార్లు ఇదే.

సిక్కోలు_కథ

ఇంతవరకు వచ్చిన మాటల్లో అసలైన మాట ఇదని నాకనిపిస్తోంది. పొగడ్త తప్ప మరొకటి చెప్పలేని చోట ఆ పొగడ్తకు కూడా విలువ ఉండదు. రచయితకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. నాలుగు కథలు వ్రాసిన నాకు "అద్భుతం" అన్న ప్రశంస విన్న రాత్రి నిద్ర బాగానే పట్టింది కానీ, అయిదో కథ వ్రాయడానికి అది ఏ విధంగానూ ఉపయోగపడలేదు. మా మేనత్త ఒకసారి నా కథ చదివి, "ఆ ముసలామె కోడలితో అంత మాట అన్నాక పొయ్యి దగ్గరకు వెళ్లి అన్నం వార్చదు రా, వీధి అరుగు మీద కూర్చుంటుంది" అన్నది. ఆ ఒక్క వాక్యంతో కథ మారిపోయింది. ఆవిడ ఏ సభలోనూ మాట్లాడలేదు.

కనుక విమర్శకు వేదిక మాత్రమే మార్గమని అనుకోనక్కరలేదు. మా శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం స్థాపించారు. తెలుగు కథలు ఒకచోట దొరకాలని ఊరూరా తిరిగి, పాత పత్రికలు సేకరించి, ఒక్క కథ కోసమే ఒక గ్రంథాలయం కట్టారు. అక్కడి బీరువాల మధ్య నిలబడితే మన ముందు ఎందరు ఎంత వ్రాశారో అర్థమవుతుంది. పుస్తకాన్ని గౌరవించడమంటే దాన్ని దాచి ఉంచడం, వెతుక్కుంటూ వచ్చినవారికి అందించడం అని నాకు అక్కడ తెలిసింది.

చీరాల_ప్యాసింజరు

సిక్కోలు కథ గారు కథానిలయం గురించి చెప్పారు కనుక మా వైపు వేటపాలెం సారస్వత నికేతనం గురించి కూడా చెబుతాను. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనం. వేటపాలెం మహానగరం కాదు, చేనేత మగ్గాల ఊరు. అయినా పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పెద్ద ఊళ్లలో మాత్రమే పుస్తకానికి జీవితం ఉంటుందని అనుకునేవారు ఒకసారి వచ్చి చూడాలి.

డెల్టా వారికి మరొకటి గుర్తు చేస్తున్నాను. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ వెంబడి ఊళ్లకు పడవలో పుస్తకాలు వెళ్లేవి. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన మీ నేల మీద పుట్టిందే.

మొదటి_సంపుటి

ఈ చర్చ నాకు సరైన సమయంలో కనిపించింది. నా మొదటి కవితా సంపుటి ప్రూఫుల దశలో ఉంది. మాది కూడా చిన్న పట్టణమే. ఆవిష్కరణకు ఎవరిని పిలవాలో ఇంట్లోవారు అప్పుడే జాబితా వేశారు, అందులో పద్నాలుగు పేర్లున్నాయి. ఎన్ని ప్రతులు వేయించాలో, అమ్మాలో పంచాలో, సభ ఎలా జరపాలో అనుభవం ఉన్నవారు చెబితే ఆ ప్రకారమే చేస్తాను.

బెజవాడ_ప్రూఫులు

ప్రతుల సంఖ్య గురించి ముందు చెబుతాను. వెనుకటి రోజుల్లో ఆఫ్‌సెట్‌లో తక్కువ ప్రతులు వేయిస్తే ఒక్కో ప్రతి ఖర్చు తడిసి మోపెడయ్యేది, అందుకే వెయ్యి వేయించేవారు. మంచం కింద, అటక మీద ఇప్పటికీ ఉన్న కట్టలు ఆనాటివే. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో నూరో రెండు నూర్లో వేయించుకోవచ్చు. ప్రతి ఒక్కంటికి ఖర్చు కొంత ఎక్కువైనా, చేతి నుంచి పోయే మొత్తం తక్కువ. అవి చెల్లితే మళ్లీ వేయించుకోవచ్చు. మొదటి సంపుటికి రెండు వందలు దాటవద్దని నా సలహా.

పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఐ.ఎస్.బి.ఎన్., తప్పక తీసుకోండి. మన దేశంలో దానికి రుసుము లేదు, ప్రభుత్వ వెబ్‌సైటులో రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. దాని కోసం డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. అలాగే 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త కొత్త పుస్తకాన్ని ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా వంటి నిర్దేశిత గ్రంథాలయాలకూ పంపాలి. సొంతంగా అచ్చు వేసుకున్న రచయిత తానే ప్రచురణకర్త కనుక ఆ బాధ్యత తనదే. చిన్న ఊళ్ల నుంచి వచ్చే ఎన్నో పుస్తకాలు ఈ పని చేయకపోవడం వల్లనే యాభై ఏళ్ల తరువాత వెతికేవారికి దొరకకుండా పోతున్నాయి. సిక్కోలు కథ గారు చెప్పిన సేకరణ శ్రమలో కొంతైనా అప్పుడు తప్పేది.

పల్లె_పంతులమ్మ

పంచవద్దు, అమ్మండి. ఉచితంగా వచ్చిన కవితల పుస్తకాలు మా ఇంట్లోనే బీరువా నిండా ఉన్నాయి, ఇంకా తెరవనివి చాలా ఉన్నాయి. నూరు రూపాయలు పెట్టి కొన్నదాన్ని మాత్రం ఆ రాత్రే చదివాను.

చీరాల_ప్యాసింజరు

పంతులమ్మ గారితో పూర్తిగా ఏకీభవించలేను. మా నాన్నగారు మగ్గం నేసేవారు, కొని చదివే స్తోమత ఉండేది కాదు. చదివే మనిషి అని తెలిసి ఊళ్లో ఒక రచయిత తన ప్రతి పుస్తకమూ ఆయనకు ఉచితంగా ఇచ్చేవారు. నాన్నగారు ఒక్కో పుస్తకాన్ని రెండేసి సార్లు చదివి, మర్నాడు వెళ్లి దాని గురించి మాట్లాడి వచ్చేవారు. ఎవరికి ఇస్తున్నామన్నది చూసుకోవాలి కానీ, ఇవ్వడమే తప్పు కాదు.

పల్లె_పంతులమ్మ

అలాంటి పాఠకుడికి ఇచ్చిన పుస్తకం అమ్మిన పుస్తకం కంటే ఎక్కువ. ఒప్పుకుంటున్నాను.

శాఖా_గ్రంథాలయం

ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను కనుక మొదటి సంపుటి గారికి ఒక దారి చెబుతాను. సభకు మూడు వారాల ముందు అయిదు ప్రతులు మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. విరాళంగా వచ్చిన పుస్తకాన్ని కూడా మేము నమోదు పుస్తకంలో వ్రాసుకుని, సంఖ్య వేసి, ముద్ర కొట్టి, వెనుక అట్ట లోపల గడువు తేదీల కాగితం అంటిస్తాం. మా ఊళ్లో ఒక రచయిత్రి ఇలాగే చేశారు. "మన ఊరి పుస్తకం, ఈ నెలాఖరున చర్చ" అని తలుపు పక్కన చిన్న కాగితం పెట్టాం. చర్చ నాటికి ఆ కాగితాల మీద తేదీ ముద్రలు వరుసగా దిగాయి. ఇంటింటికీ గ్యాస్ బండ వేసే కుర్రవాడు ఒక ప్రతి తీసుకుని వెళ్లి, గడువు ముగియకముందే తెచ్చి ఇచ్చి, చర్చ ఏ రోజున అని అడిగాడు. ఆ రోజు వచ్చాడు కూడా. ఒక కథలో సిలిండరు ధర తప్పుగా ఉందని చెప్పాడు, రచయిత్రి అక్కడికక్కడే దిద్దుకున్నారు.

మా హాలుకు అద్దె లేదు. అసలు ఆ గ్రంథాలయం మీదే. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరక బకాయిలు పేరుకుపోవడం వల్ల మాకు కొత్త పుస్తకాలు రావడం కష్టంగా ఉంది. ఊరివారు గ్రంథాలయానికి వచ్చిపోతుంటేనే ఆ బకాయిల గురించి అడిగేవారు కూడా ఉంటారు.

డెల్టా_పాఠకురాలు

గడువు తేదీల కాగితం మీద ముద్రలు చూసి రచయిత్రి ఏమన్నారో తెలుసుకోవాలని ఉంది.

శాఖా_గ్రంథాలయం

ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు.

సిక్కోలు_కథ

మొదటి సంపుటి గారూ, సభ నడిపే విధానం గురించి మేము చేసి చూసినది చెబుతాను, నచ్చితే తీసుకోండి. కార్యదర్శి గారు లేవనెత్తిన మొహమాటం సమస్యకు మాకు దొరికిన ఉపాయం ఇది. వక్తలకు పుస్తకం మొత్తం అప్పగించం. ఒక్కొక్కరికి ఒక్క కథ ఇస్తాం. పుస్తకం ఎలా ఉందో చెప్పమని అడగం. ఆ కథలో తమకు గుర్తుండిపోయిన ఒక చోటు, అర్థం కాని లేదా ఒప్పుకోలేని ఒక చోటు చెప్పమంటాం. రెండో ప్రశ్న అందరికీ వేస్తున్నదే కనుక, దానికి జవాబు చెప్పినవాడు రచయితకు శత్రువు కాడు. రచయిత చివరి దాకా జవాబు ఇవ్వకూడదు, వినాలి. ఇది మొదట కష్టంగా ఉంటుంది. ప్రతి అభ్యంతరానికీ లేచి సంజాయిషీ ఇచ్చే రచయిత ముందు మూడో మనిషి నోరు విప్పడు.

వక్తలు కూడా నలుగురు చాలు. వారిలో ఒకరు సాహిత్యంతో సంబంధం లేనివారైతే మంచిది. మా ఊళ్లో జాలర్ల కథ మీద మాట్లాడడానికి ఒక పడవ యజమానిని పిలిచాం. అలలు ఏ నెలలో ఎలా ఉంటాయో, వల ఏ వైపు నుంచి వేస్తారో చెప్పి, కథకుడు చూడకుండా వ్రాసిన చోటు ఎంతో మర్యాదగా చూపించారు. ఆ సభలో అంతకన్నా మంచి విమర్శ రాలేదు.

వేదిక_కార్యదర్శి

ఒక్కొక్కరికి ఒక్క కథ అన్న ఆలోచన బాగుంది. మా సంస్థలో తదుపరి సభకు ఇది ప్రయత్నిస్తాను. అయితే కవిత్వానికి ఇది ఎలా కుదురుతుంది? కవితలో గ్యాస్ సిలిండరు ధర దిద్దే అవకాశం ఉండదు కదా.

తెర_వెనుక

కవిత్వానికి చదివే గొంతు కావాలి. కవి తన కవితలు తానే చదివితే చాలాసార్లు తడబడతారు, లేదా ప్రతి పాదమూ రెండుసార్లు చదువుతారు. ఊళ్లో నాటకాలు వేసేవారు ఎవరో ఒకరు ఉంటారు. వారికి వారం ముందే పుస్తకం ఇచ్చి నాలుగు కవితలు సాధన చేయించండి. పద్యనాటకం ఆడినవారైతే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వారికి బాగా తెలుసు, కాకపోతే వచన కవితను రాగం లాగకుండా చదవమని ముందే చెప్పాలి. సురభివారి కుటుంబాల్లో పిల్లలకు అక్షరాలు రాకముందే సంభాషణలు నోటికి వస్తాయని పెద్దలు చెబుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజాలు ఇన్నేళ్లు నిలబడడానికి కుటుంబంలో అందరూ వేదిక పనిలో పాలు పంచుకోవడం ఒక పెద్ద కారణం. మన ఊరి కవికి, మన ఊరి నటుడికి మధ్య ఆ పాటి బంధుత్వం కూడా లేకపోవడం విచారకరం. ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి సభకు ఒకరు వెళ్లరు.

నోవై_తెలుగు

పుస్తకం దూరప్రాంతాలకు పంపే సంగతి ఎవరూ చెప్పలేదు. మా అమ్మగారు అక్కడి నుంచి పంపించే పుస్తకాలకు తపాలా ఖర్చే పుస్తకం వెలను మించిపోతోంది. దేశం లోపల ఎలా ఉంది?

బెజవాడ_ప్రూఫులు

రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తివేశాక చిన్న ప్రచురణకర్తలందరం చాలా ఇబ్బంది పడ్డాం. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖవారి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. కవితా సంపుటి ఎక్కువగా మూడు వందల గ్రాముల లోపే ఉంటుంది. లోపల ఉత్తరాలు, ప్రకటనల కాగితాలు పెట్టకండి. మొదటి సంపుటి గారు పత్రికలకు సమీక్ష ప్రతులు పంపడానికి ఇది చాలు. ఆవిష్కరణ డిసెంబరు లోపు అయితే, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో ఎవరి దుకాణంలోనైనా కొన్ని ప్రతులు పెట్టించవచ్చు. 1989 నుంచి జరుగుతున్న ఆ పండుగకు చిన్న ఊళ్ల నుంచి సంచులు పట్టుకుని వచ్చే పాఠకులే ప్రాణం.

మొదటి_సంపుటి

అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. పద్నాలుగు పేర్ల జాబితా అయిదుకు తగ్గింది. నాన్నగారు మొదట ఒప్పుకోలేదు, మా పెదనాన్నను వేదిక మీదకు పిలవకపోతే ఎలా అన్నారు. పెదనాన్న చేతికే తొలి ప్రతి ఇచ్చి, ఆయన చేత ఒక కవిత చదివించాలని నిర్ణయించుకున్నాం. ఆయన చిన్నప్పుడు పద్యనాటకాల్లో వేషాలు వేశారు. రెండు వందల ప్రతులు వేయిస్తాను. అయిదు గ్రంథాలయానికి, మిగిలినవి బల్ల మీద అమ్మకానికి. సభ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు. నవంబరు మూడో వారం అనుకుంటున్నాను, ఆదివారం.

పల్లె_పంతులమ్మ

అమ్మే బల్ల తలుపు దగ్గర పెట్టండి, వేదిక పక్కన కాదు. బల్ల మీద చిల్లర ఉంచండి, ఫోనుతో చెల్లించే కాగితం కూడా అంటించండి. మా ఊళ్లో చిల్లర లేక వెనక్కి వెళ్లినవారిని చూశాను.

వేదిక_కార్యదర్శి

అధ్యక్షులుగా గడియారం చూసే మనిషిని పెట్టుకోండి. వక్త ఎంత పెద్దవారైనా సమయం గుర్తు చేయగల మనిషి కావాలి. మా సంస్థలో విశ్రాంత స్టేషను మాస్టరు గారు ఉన్నారు, అవసరమైతే పంపిస్తాం.

శాఖా_గ్రంథాలయం

మొదటి సంపుటి గారూ, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో హాలు పిల్లల పోటీలతో నిండి ఉంటుంది, మీరు అనుకున్న ఆదివారం అందులో పడితే ఇబ్బంది. నాలుగో ఆదివారం చూసుకోండి. మాకు వారం సెలవు శుక్రవారం కనుక ఆదివారం తెరిచే ఉంటాం. హాలు కోసం జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేర ఒక అభ్యర్థన వ్రాసి, మీ ఊరి గ్రంథాలయాధికారి ద్వారా ముందుగా పంపండి. అయిదు ప్రతులు మాత్రం వారోత్సవాల ముందే ఇవ్వండి. ఆ వారంలో వచ్చే జనం ఏడాదిలో ఇంకెప్పుడూ రారు, పుస్తకం వారి కళ్లబడుతుంది.